ఎడమ లైటు

ఆదివారం సాయంత్రం నాలుగింటికి రంగనాథ్ తన ఇంటి పోర్టికోలో గొంతుక్కూర్చుని, కారు ఎడమ హెడ్‌లైటుకి టూత్‌పేస్టు పట్టించి, పాత బనీను ముక్కతో రుద్దుతున్నాడు.

బయటివాళ్ళు చూస్తే ఎంత పనిమంతుడో అనుకుంటారు. తాగిన కాఫీ గ్లాసు వంటింటి దాకా మోసే అలవాటు లేని మనిషని ఇంట్లోవాళ్ళకి కదా తెలిసేది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆ మారుతీ బానెట్ తన చేత్తో ఎత్తిన పాపాన పోలేదు. టైరులో గాలి తగ్గినా మాదాపూర్ చౌరస్తాలోని మెకానిక్ పుల్లయ్యకి కబురెళ్ళాల్సిందే. అలాంటివాడు నిన్న మధ్యాహ్నం బస్సెక్కి రాణీగంజ్ దాకా వెళ్ళి కొత్త లైటొకటి కొనుక్కొచ్చాడు. తెచ్చినవాడు బిగించాడా అంటే అదీ లేదు. డబ్బా పక్కన పెట్టుకుని పాతదాన్నే రుద్దుతున్నాడు.

వంటింటి కిటికీలోంచి నీహారిక ఇదంతా చూస్తోంది. ఆమె ముందు మూడు రోజుల అంట్లు గుట్టగా ఉన్నాయి. పనిచేసే పోచమ్మ గురువారం రాత్రి చనిపోయింది. అంట్లు తోముకుని తల్లి దగ్గరికి వెళ్ళి, నడిచి తిరిగొస్తుంటే కొండాపూర్ రోడ్డు మీద ఏదో బండి గుద్దింది. తెల్లారి చూస్తే రోడ్డు పక్క కాలవలో ఉంది. కంకర లారీ అయ్యుంటుందని పోలీసులు రాసుకుపోయారు. ఆ రోడ్డు మీద కంకర లారీలకి లెక్కా జమా లేదు. గుండ్రటి అద్దాల బిల్డింగు లేచిన దగ్గర్నుంచీ చుట్టూ ఉన్న గుట్టలన్నీ పేల్చి కంకర చేస్తున్నారు. రోడ్డుకి లైట్లు మాత్రం ఇంకా వెయ్యలేదు.

"ఏవండీ, పుల్లయ్యకి చూపించకూడదూ?" అంది నీహారిక కిటికీలోంచే. మూడు రోజుల తరవాత మొగుడితో ఆమె అన్న మొదటి పూర్తి మాట అది.

"వాళ్ళంతా దొంగలు. గీత పోగొట్టమంటే ఇంజను విప్పి కూర్చుంటారు."

"ఇంతకీ ఆ గీతలెలా పడ్డాయి?"

"ఆఫీసు గేటు తగిలిందని ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమె అడిగింది ఒక్కసారే. అతను చెప్పిందీ ఇదే మొదలు. నీహారిక పళ్ళు బిగించి కుళాయి తిప్పింది. కోపం వస్తే ఆమెకి గిన్నెలు గట్టిగా తగులుతాయి. ఆ ఇంట్లో పది రోజులుగా మనుషుల కన్నా గిన్నెలే ఎక్కువ మాట్లాడుతున్నాయి.

గొడవ పెద్దదేం కాదు. అలాగని చిన్నదీ కాదు. నీహారిక ఆ అద్దాల బిల్డింగులో ఓ కంపెనీలో చేస్తోంది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు మరిచిపోతాయట, ఆ మతిమరుపు వదిలించే పని. ఈ మధ్య ఆమెని పదిమంది మీద లీడరుని చేశారు. బేగంపేటలో అలాంటి పనే చేసే రంగనాథ్‌ని చెయ్యలేదు. అంతే, ఒకే ఇంట్లో ఇద్దరు లీడర్లు పనికిరారన్నాడు. ఉద్యోగం మానెయ్యమన్నాడు. మాననంది. "అయితే నా కారెక్కకు" అన్నాడు. ఆమె ఎక్కలేదు. ఆ రోజు నుంచీ రాత్రి ఏడున్నరకి బయల్దేరి, చీకట్లో, రెండు కిలోమీటర్లు కొండాపూర్ రోడ్డు మీద నడిచే వస్తోంది. అతను వెనకనుంచి కారులో వచ్చి, ఆమె మీద వెలుతురు చల్లి, ఆపకుండా వెళ్ళిపోయేవాడు. ఒకటి కాదు, నాలుగుసార్లు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

గేటు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే పోచమ్మ మొగుడు ఐలయ్య. ఎదురు వరసలో సగం కట్టిన ఇంటికి కావలి, కాపురమూ అక్కడే. తల మీద తువ్వాలు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

"అయిందా ఐలయ్యా?" అంటూ నీహారిక చేతులు తుడుచుకుని బయటికొచ్చింది.

"ఎక్కడిదమ్మా. పిట్టకు పెట్టినం. పొద్దుగాల్నుంచి ముడ్తలేదు."

పోయినవాళ్ళకి మూడోరోజు వాళ్ళకిష్టమైనవన్నీ వండి, పాతిపెట్టిన చోట విస్తట్లో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన ప్రాణం తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

"కోడికూర పెట్టినం, ఎండుచాపలు పెట్టినం, కల్లు పోసినం. కాకులు రాలేదా అంటే వచ్చినయమ్మా. గుండ్ల మీద కూసుని చూస్తున్నయి. దిగుతలేవు. మా అత్త ఎల్లమ్మ అన్నది, ఆ అమ్మగారింట్ల ఏమన్న ఇష్టంగ తింటుండెనేమో అడుగుపో అని."

నీహారిక వంటింటి కేసి చూసింది. "కాఫీ" అంది. "చక్కెర రెండు చెంచాలు ఎక్కువేసి ఇమ్మనేది."

"గదే ఇయ్యండి జర. పొద్దు గూకక ముందే పెట్టాలె."

ఇంతసేపూ రంగనాథ్ తల తిప్పలేదు. బనీను ముక్క మాత్రం ఆగిపోయింది. ఐలయ్య మర్యాదకి పలకరించాడు. "ఏంది సారు, లైటు ఖరాబైందా? పుల్లయ్య తాన ఇయ్యకపోయిన్రా?"

"నీకెందుకయ్యా?" అని అరిచాడు రంగనాథ్. "నా కారు, నా ఇష్టం. అందరికీ నా లైటు మీదే కన్ను!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే. పెళ్ళాం పోయి మూడోరోజున ఉన్న మనిషి మీద ఆ అరుపేమిటని నీహారిక సిగ్గుతో చచ్చిపోయింది. ఏదైనా అంటే ఇంకా పెద్దదవుతుందని కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

పాలు పొంగుకొస్తుండగా వినిపించింది.

టక్. టక్ టక్.

అతను మళ్ళీ ఏదో కొడుతున్నాడనుకుంది. కాఫీ కలుపుతుంటే మళ్ళీ... టక్ టక్. లోహం మీద లోహం చప్పుడు కాదది. గాజు మీద గోరు లాంటి చప్పుడు.

గ్లాసు పట్టుకుని బయటికొచ్చి చూసింది. రంగనాథ్ లేచి నిలబడి గోడకి ఆనుకుపోయి ఉన్నాడు. కారు బంపరు మీద ఒక కాకి కూర్చుంది. మెడ వంచి ఎడమ హెడ్‌లైటుని పొడుస్తోంది. టూత్‌పేస్టు కోసం కాదు, దాన్ని పక్కకి తోసేసి గాజుకీ చుట్టూ ఉన్న ఫ్రేముకీ మధ్య సందులోకి ముక్కు పెట్టి ఏదో లాగుతోంది.

"హుష్! పో!" అన్నాడు రంగనాథ్. గుడ్డ విసిరాడు. పోలేదు. స్పానరు విసిరాడు. అది కాకి పక్కనే బంపరుకి తగిలి ఠంగుమంది. కాకి ఒక్క అంగుళం జరిగి మళ్ళీ పొడిచింది. ఎగిరిపోవాలన్న తొందరే లేదు దానికి.

ఐలయ్య గేటు ఊచలు పట్టుకుని చూస్తున్నాడు. అతని మొహంలో ఏడుపు లేదు. "కుడి రెక్కల ఈక ఊడింది చూడుండ్రి" అన్నాడు మెల్లగా. "పొద్దటి నుంచి ఇస్తరి ముందల కూసున్నది గిదే."

వచ్చి కాఫీ గ్లాసు తీసుకున్నాడు. వంగి, ఆమెకి మాత్రమే వినపడేలా అడిగాడు.

"బేస్తారం నాడు సారు ఎన్ని గంటలకు వచ్చిండమ్మా?"

"గురువారమా... ఎనిమిదికి."

అతను తలూపాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "మీరిచ్చిన చీరల్నే పోయిందమ్మా" అన్నాడు. "కొత్త చీర అని మస్తు సంబురపడ్డది. బొందల పెట్టేటప్పుడు సుత గదే కప్పినం." గ్లాసు తొణక్కుండా పట్టుకుని గుట్టల వైపు నడిచిపోయాడు. అతను కనుమరుగయ్యాక గానీ కాకి లేవలేదు.

ఆ చీర సంగతి నీహారిక గుండెలో మూడు రోజులుగా ముల్లులా ఉంది. చిలకాకుపచ్చ గద్వాల చీర, పసుపు అంచు. పెళ్ళిరోజుకి రంగనాథ్ కొన్నాడు. గురువారం పొద్దున మళ్ళీ మాటా మాటా పెరిగి, "నేను కొన్న బట్టలు కట్టుకుని నా మీదే ఎగురుతున్నావు" అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అతను స్నానానికి వెళ్ళగానే ఆ చీర తీసి, పెరట్లో గిన్నెలు కడుగుతున్న పోచమ్మ చేతిలో పెట్టి "నువ్వు కట్టుకో" అంది. దానం కాదది, కసి. పోచమ్మకి ఆ తేడా తెలీదు పాపం. సాయంత్రం అంట్లయ్యాక పెరటి కుళాయి దగ్గరే మొహం కడుక్కుని, పాత చీర తాడు మీద ఆరేసి, కొత్తది కట్టుకుని, తల్లికి చూపిస్తానని మురిసిపోతూ వెళ్ళింది. ఆ పాత చీర ఇంకా తాడు మీదే ఉంది. తియ్యడానికి నీహారికకి చేతులు రావడం లేదు.

ఆ గురువారం ఆఫీసు పని మీద ఇంకోచోటికి వెళ్ళడంతో నీహారిక నడవలేదు. కంపెనీ వ్యానులో ఇంకో దారిన వచ్చింది. లేకపోతే తనూ పోచమ్మా అదే రోడ్డు మీద కలిసి నడిచేవాళ్ళు.

సందేహం కడుపులోకి దిగాక ఇక నిలవనివ్వదు. ఆమెకిప్పుడు ఒక్కటే కావాలి. అతని నోటి నుంచి నిజం. పొద్దుగూకేలోపు రావాలి. అక్కడ గుట్ట పక్కన ఆకలితో కూర్చున్నవాళ్ళకి అది చెప్పి తీరాలి.

డిసెంబరు పొద్దు. ఆరు కాకముందే చీకటి పడిపోయింది. రంగనాథ్ బనీను ముక్క విసిరికొట్టాడు. "పోవట్లేదు. మార్చేస్తా. టార్చి పట్టుకో" అన్నాడు. అప్పుడే కరెంటు పోయింది. కాలనీలో ఉన్న పదకొండు ఇళ్ళూ ఒక్కసారిగా మాయమయ్యాయి. దూరంగా అద్దాల బిల్డింగు మాత్రం జనరేటరు మీద వెలుగుతోంది.

నీహారిక టార్చి పట్టుకుంది. అతను ముందరి జాలీ విప్పాడు. ఫ్రేము స్క్రూలు ఒక్కోటీ తీసి నేల మీద పెట్టాడు. ఒకటి చేజారి దొర్లిపోయింది. దాన్ని బూతు తిట్టాడు. వెలుతురు తగిలినప్పుడల్లా ఆ గాజు మీది గీతలు కనబడుతున్నాయి. పక్కనుంచి ఒరుసుకున్న గీతలు. ఇనప గేటు చేసే గీతలు కావవి. గేటు తగిలితే బంపరు సొట్టపోదూ, రంగు లేవదూ? ఇక్కడ గాజు ఒక్కటే గీరుకుంది. కంకర మీద ఎవరో పడేసి ఈడ్చినట్టు... లేదా గాజుల చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు.

ఇప్పుడు అర్థమైంది ఆమెకి. కొత్త లైటుంటే పాతదాన్ని ఎందుకు రుద్దాడు? రెండిట్లో ఒక్కటే కొత్తగా మెరిస్తే ఎప్పుడు మార్చావని నలుగురూ అడుగుతారు. పుల్లయ్య దగ్గరికి ఎందుకెళ్ళలేదు? రోజూ వంద బళ్ళు చూసేవాడికి ఆ గీతలు కథ చెప్పేస్తాయి.

"ఇలా పట్టు. కిందికి... ఆఁ."

లైటు ఊడొచ్చింది. వెనక రబ్బరు టోపీ, తీగలు పీకి, దాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు. చల్లగా ఉంది. అదేమిటో, వాసన. టూత్‌పేస్టు వాసన కాదు. చింతపండు, తడి బూడిద... రాగి బిందె తోమేటప్పుడు పెరట్లో వచ్చే వాసన. నీహారిక వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

టార్చి దగ్గరగా పెట్టింది. గాజు అంచున సందులో, కాకి సగం లాగి వదిలేసిన చోట, పోగొకటి వేలాడుతోంది. చిలకాకుపచ్చ. కొసన రవ్వంత పసుపు.

ఆమె దాన్ని తియ్యలేదు. లైటుని అలాగే గుండెలకి హత్తుకుని, టార్చి మాత్రం కదలకుండా పట్టుకుంది. లోపల మండిపోతోంది. అక్కడే ఆ స్పానరుతో... కానీ నిజం ఇంకా అతని నోటినుంచి రాలేదు. పోగు చూపిస్తే గాలికి వచ్చి పడిందంటాడు. అతని తెలివి ఆమెకి తెలుసు.

కొత్త లైటు బిగిసింది. ఇక ఎత్తు సరిచెయ్యాలి. గుడ్డిగా బిగిస్తే ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది, లేకపోతే ఆకాశం చూస్తుంది. పుల్లయ్య చెయ్యగా చూసి నేర్చుకున్నాడు కాబోలు, కారుకి ఇరవై అడుగుల ముందున్న ప్రహరీగోడ మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు. వెలుతురు ఆ గీత మీద పడేదాకా లైటు పక్కన మరలు తిప్పాలి.

"లోపల కూర్చుని లైటెయ్యి" అన్నాడు తాళం ఇస్తూ.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. పాత లైటు ఒళ్ళో ఉంది. స్విచ్చి తిప్పింది.

గోడ మీద రెండు వెలుగు గుండ్రాలు పడ్డాయి. కుడిది పసుపు, ఎడమది తెలుపు. రంగనాథ్ కారు ముందు ఎడమ పక్కన వంగి స్క్రూడ్రైవరు తిప్పుతున్నాడు. తెల్లటి గుండ్రం అంగుళం అంగుళం కిందికి దిగుతోంది. పైకి... కిందికి... సుద్దగీత దగ్గరికి...

ఆగింది.

ఆ తెల్లటి వెలుగులో, ఎడమ అంచున, ఒక నీడ ఉంది.

మొదట జామకొమ్మ అనుకుంది నీహారిక. కొమ్మ నడవదు. ఈ నీడ నడుస్తోంది. తలకి కొంగు. చంకలో చిన్న గిన్నె మూట. అటు తిరిగి, గోడ వెంట, రోడ్డు పక్కన నడిచేవాళ్ళు నడిచినట్టు ఓరగా... మెల్లగా...

కారుకీ గోడకీ మధ్య ఎవరూ లేరు. ఉత్త గచ్చు. ఆమె కళ్ళారా చూస్తోంది. ఎవరూ లేరు. నీడ మాత్రం ఉంది. గాజుల చప్పుడు కూడా... చిన్నగా...

రంగనాథ్ తలెత్తాడు. విసుక్కున్నాడు.

"నీహా, అక్కడికెందుకెళ్ళావు? అడ్డం లే."

అతను ఇటు తిరగలేదు. గోడ కేసే చూస్తున్నాడు. ఆమెకి నీడే కనిపిస్తోంది. అతనికి ఇంకేదో కనిపిస్తోంది.

"మళ్ళీ ఆ పచ్చచీరే కట్టుకున్నావా?" గొంతు తగ్గింది. "చెప్తుంటే నీక్కాదూ... పక్కకి లే నీహా."

"నేను బండిలో ఉన్నాను" అంది ఆమె.

గుసగుసగానే వచ్చింది మాట. అయినా అతనికి వినబడింది. మెడ ఒక్కటే తిప్పాడు. అద్దంలోంచి ఆమె మొహం చూశాడు. మళ్ళీ గోడ కేసి చూశాడు. మళ్ళీ ఆమెని చూశాడు. స్క్రూడ్రైవరు చేతిలోంచి జారి గచ్చు మీద పడింది.

"ఆ రోజూ..." అన్నాడు. "ఆ రోజూ నువ్వే అనుకున్నాను."

జనరేటరు మోత ఎక్కడో దూరాన.

"భయపెడదామని... పక్కనుంచి పోనిద్దామని... అంతే నీహా. ఒట్టు. రోజూ నడుస్తున్నావుగా, పొగరుగా... ఒక్కసారి దడుచుకుంటే కారెక్కుతావని..."

నీహారికకి గురువారం రాత్రి ఎనిమిది గంటలు కళ్ళముందుకొచ్చాయి. బెల్లు మోగితే తలుపు తీసింది. గుమ్మంలో అతను. ఆమెని చూసి తాళాలు జారవిడిచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు... నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పక్క మీద కూర్చుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. గొడవకి పశ్చాత్తాపపడుతున్నాడని ఆమె లోలోపల సంతోషించింది కూడా. ఎంత పిచ్చిది!

"తగిలాక దిగి చూశారా?"

అతను మళ్ళీ గోడ కేసి తిరిగాడు.

"మిమ్మల్నే. దిగి చూశారా?"

"...లేదు."

"పడింది నేనే అనుకున్నారు. దిగలేదు. నన్ను రోడ్డు మీద వదిలేసి ఇంటికొచ్చి బెల్లు కొట్టారు."

"నీహా, గట్టిగా అరవకు. వింటారు... మనిద్దరి పరువూ..."

ఆమె అరవలేదు. అరుపు అతని చెవుల్లో ఉంది. నాలుగేళ్ళు ఆ మనిషికి కాఫీలు కలిపి ఇచ్చినందుకు, అతని పొగరు భరించినందుకు, కసితో ఒక అమాయకురాలికి ఆ చీర కట్టబెట్టినందుకు ఆమెకి తన మీద కూడా అసహ్యం వేసింది. ఇద్దరి కోపం మధ్య దారిన పోయే మనిషి నలిగిపోయింది. తెల్లారేదాకా కాలవలో ప్రాణం ఉందో లేదో ఎవరికి తెలుసు!

తాళం చేతిలోనే ఉంది. కాలి కింద క్లచ్చీ ఉంది, ఎదురుగా అతనూ ఉన్నాడు. ఒక్క క్షణం. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కంటే ఎక్కువే... ఆమె చెయ్యి తాళం మీద బిగిసింది.

గోడ మీద నీడ నడవడం ఆపేసింది.

తల తిప్పింది. ఎటు తిరిగిందో నీడలో తెలీదు కదా... మొహం ఉండదు కదా... కానీ తన వైపే తిరిగిందని నీహారికకి తెలిసింది. వద్దన్నట్టు అనిపించింది. లేకపోతే ఇది నాది, నీది కాదన్నట్టు.

నీహారిక తలుపు తోసుకుని దిగింది. పాత లైటుని కొంగులో చుట్టుకుని గేటు తీసి నడిచింది. వెనకనుంచి "ఆగు, నీహా, ఆగు" అంటున్నాడు అతను. అడుగుల చప్పుడు మాత్రం లేదు. తిరిగి చూస్తే అతను కదల్లేదు. గోడ కేసి తిరిగి, ఆ నీడతో అంటున్నాడు ఆగమని.

గుట్ట పక్కన లాంతరు వెలుగులో పదిమంది కూర్చున్నారు. విస్తట్లో అన్నం ఎండిపోయింది. కాఫీ మీద మీగడ కట్టింది. ఏదీ తగ్గలేదు. పోచమ్మ తల్లి ఎల్లమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఊగుతోంది.

నీహారిక లైటు తీసి విస్తరి పక్కన పెట్టింది. పోగు చూపించింది. జరిగిందంతా చెప్పింది. చీర కసితో ఇచ్చానని కూడా దాచుకోకుండా చెప్పింది. ఏడుపు రాలేదు ఆమెకి, మాట మాటకీ దవడలు నొప్పెట్టాయి.

ఐలయ్య ఆ పోగుని వేలితో తాకి చూసి, కళ్ళు మూసుకున్నాడు. ఎల్లమ్మ తలెత్తి నీహారికని చూసిన చూపు చంపేదిలా ఉంది. "నా బిడ్డను నీ తీరు జేసి పంపినవా?" అంది.

మొగవాళ్ళు కర్రలు అందుకున్నారు. ఐలయ్య అడ్డం నిలబడ్డాడు.

"వద్దు. మనం కొడితే మన మీదికొస్తది. ఠాణాకు ఫోన్ జేద్దాం. నడువుండ్రి."

చౌరస్తాలో ఫోను బూత్ నుంచి ఇద్దరు ఫోను చేశారు. జీపు వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు. అందరూ ఇంటికి వెళ్ళేసరికి కారు లైట్లు ఇంకా వెలుగుతున్నాయి, బ్యాటరీ దిగిపోయి ఎర్రగా, గుడ్డిగా. రంగనాథ్ గోడకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. గోడ మీద అతని నీడ ఒక్కటే ఉంది. అది చూసి నీహారిక ఊపిరి పీల్చుకుంది. పారిపోలేదు, తిరగబడలేదు. ఎస్సై చెయ్యి పట్టుకుంటే చిన్నపిల్లాడిలా నడిచాడు. అడిగినదానికల్లా ఒప్పుకున్నాడు. నీహారిక పక్కనుంచే వెళ్ళాడు, ఆమెని చూడనే లేదు.

"ఇప్పుడన్నా ముడ్తదా ఐలయ్యా?" అంది ఆమె గేటు దగ్గర. "పొద్దున్నే కాకి వస్తుందా?"

ఐలయ్య జీపు కేసి చూస్తున్నాడు.

వెనక ఎదురుబొదురు రెండు బెంచీలు. కుడి బెంచీ మీద కానిస్టేబుళ్ళిద్దరు, ఎడమ బెంచీ మీద రంగనాథ్ ఒక్కడే. ఖాళీగా ఉన్న ఆ బెంచీ మీద అతను మూలకి ఒదిగాడు. ఇంకా ఒదిగాడు. రెండు కాళ్ళూ దగ్గరికి ముడుచుకున్నాడు, బస్సులో ఆడవాళ్ళకి చోటిచ్చే మనిషిలా. బయటి చీకట్లోకి చూస్తూ చెయ్యి చాచాడు.

"ఎక్కు నీహా" అన్నాడు.

నీహారిక గేటు ఊచ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. కానిస్టేబుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎస్సై ముందు సీట్లో కూర్చుని తలుపేశాడు.

డ్రైవరు ఇంజను తిప్పాడు. ఎవరూ ఎక్కని జీపు వెనక మెట్టు ఒక్కసారి కిందికి కుంగి, మెల్లగా పైకి లేచింది.